మా ఊరి చెరువు మత్తడి (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి గోడ) రెండడుగులు పెంచితే నీళ్లు ఎక్కువ ఆగుతాయి కదా, ఇరిగేషన్ వాళ్లు ఎందుకు ఒప్పుకోరు?

ఆగుతాయి. మామూలు వానలకు రెండడుగులు ఎక్కువే ఆగుతాయి. పెద్ద వాన పడ్డ రాత్రి మాత్రం చెరువే మిగలదు. కట్ట ఎత్తు, పైనుంచి వచ్చే వరద, మత్తడి పొడవు, ఎగువన మునిగే పొలాలు, దిగువ చెరువుకు పోవాల్సిన వాటా, ఇవన్నీ చూసుకున్నాకే ఆ రాళ్లను ఆ ఎత్తులో పేర్చారు.

లెక్క చూడండి. మత్తడి పొడవును అడుగుల్లో తీసుకోండి. దాని మీద పారే నీటి మందంతో ఒకసారి, ఆ మందం వర్గమూలంతో ఇంకోసారి, చివరికి 3.09తో గుణిస్తే క్యూసెక్కులు, అంటే సెకనుకు పారే ఘనపుటడుగులు, వస్తాయి. వంద అడుగుల మత్తడి మూడడుగుల మందాన దుంకుతుంటే దాదాపు 1,600 క్యూసెక్కులు. దాని మీద రెండడుగుల గోడ లేపారనుకోండి. చెరువులో నీళ్లు అంతే ఎత్తున ఉన్నా గోడ మీద పారేది ఒక్క అడుగు మందమే, అంటే 309 క్యూసెక్కులు. మందం మూడో వంతుకు తగ్గితే పారకం ఐదో వంతుకు పడిపోతుంది. మిగతా పదమూడు వందల క్యూసెక్కులు చెరువులోనే పేరుకుంటూ కట్ట అంచుకు వస్తాయి.

మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఇక దాన్ని కాపాడటం కష్టం. పశువులు, ట్రాక్టర్లు ఎక్కి దిగి కుంగిన చోటే ముందు దారి చేసుకుంటాయి. మొదట బొటనవేలి మందాన పారుతుంది, కట్ట మీద నిలబడి చూస్తే ఏమీ కానట్టే ఉంటుంది. నష్టమంతా వెనక వాలు అడుగున. జారే నీళ్లు అక్కడ గుంట పెడతాయి, గుంట పైనున్న మట్టి విరిగి పడుతుంది, కోత మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది. అది చెరువు వైపు అంచును తాకిందంటే గండి పడ్డట్టే.

పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, దాని మత్తడి అంత వరదను తీయలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి.

"గోడ కట్టం, ఇసుక మూటలే పెడతాం, మళ్లీ తీసేస్తాం" అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. పాతవాళ్లకూ ఈ ఆలోచన వచ్చింది. ఆంధ్ర వైపు మత్తడిని కలుజు అంటారు, అక్కడ కొన్ని పాత కలుజుల మీద నిలువు రాళ్లు కనిపిస్తాయి. వానాకాలం చివర, ఇక పెద్ద వరద రాదనుకున్నాక, ఆ రాళ్ల మధ్య మట్టి, గడ్డి కూరి నీళ్లు నిలిపేవారు. మనవాళ్లేమో ఆగస్టులోనే మూటలు పెడతారు. తీయాల్సిన రాత్రి తీసేవాళ్లు ఉండరు. వాన రాత్రి కట్ట మీద తిరిగి చూసే నీరటి ఇప్పుడు చాలా ఊళ్లలో లేడు.

మూటలకంటే నాకు ఎక్కువ భయం చేపల జాలీలంటే. చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా సన్న కన్నుల వల కడతారు. తొలి వరదకే తుంగ, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు వచ్చి దానికి అతుక్కుంటాయి. రెండు గంటల్లో అది వల కాదు, గోడ. ఎవరూ ఏమీ పెంచకుండానే మత్తడి పెరిగిపోతుంది. కట్టాల్సిందే అయితే పెద్ద కన్నులది, చెత్త పడగానే లాగేయడానికి వీలుగా కట్టాలి. చెత్త తీసే మనిషిని పేరు పెట్టి నియమించాలి.

మీకు కావాల్సింది నీళ్లే కాబట్టి పూడిక తీయండి. ఒక ఎకరంలో అడుగు మందం పూడిక అంటే 43,560 ఘనపుటడుగులు. ట్రాలీకి వంద చొప్పున 435 ట్రాలీలు. పొలాలకు తోలుకుంటే మట్టి వృథా కాదు. ఇక్కడా రెండు పాత నియమాలున్నాయి. కట్ట పాదం దగ్గర తవ్వొద్దు, ఎందుకంటే కట్ట లోపలి వాలును మోసేది ఆ మట్టే. తూము గడప కంటే లోతుకు పోవద్దు, గడప కింది నీళ్లు తూము గుండా పొలానికి ఎక్కవు. పూడికతో పాటు చెరువులోకి వచ్చే కాలువ బాగుచేయండి, తూము షట్టరు కారుతుంటే రబ్బరు మార్చండి. చాలా చోట్ల ఏడాది పొడవునా పోయే నీళ్లు ఈ షట్టరు దగ్గరే పోతున్నాయి.

అయినా పెంచాలనే అనుకుంటే ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ట్యాంక్ మెమోయిర్, అంటే చెరువు కొలతల రికార్డు, అడగండి. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండిన మట్టం), ఎండబ్ల్యూఎల్ (వరదలో నీళ్లు చేరే గరిష్ఠ మట్టం), టీబీఎల్ (కట్ట పైమట్టం) మూడూ అందులో ఉంటాయి. మత్తడి నుంచి కట్ట దాకా లెవెల్ కొట్టించి ఈనాటి కట్ట ఎత్తుతో పోల్చండి. ఏళ్ల తరబడి కుంగి అడుగో అడుగున్నరో తక్కువ తేలిందంటే, మీరు పెంచాలనుకున్న రెండడుగుల్లో చాలా భాగం ఇప్పటికే ఖర్చయిపోయింది. ముందు కట్టను పాత ఎత్తుకు తేవాలి. ఆ తర్వాత మత్తడి పెంచితే, దాని పొడవూ పెంచాలి. ఎగువన మునిగే పట్టాదారులు, దిగువ చెరువు ఆయకట్టు రైతులు ఒప్పుకోవాలి.

ఇప్పటికే మూటలు పెట్టి ఉంటే వాన మొదలవకముందే, పగటిపూట తీసేయండి. మత్తడి పారడం మొదలయ్యాక వాటికోసం దాని మీదికి ఎవరినీ దిగనివ్వొద్దు. నాచు పట్టిన రాయి మీద మోకాలి లోతు నీళ్లు కూడా మనిషిని నిలవనివ్వవు.