సూపర్‌వైజర్ మాట పనివారు వినకపోవడం: పర్లాకిమిడి జీడిపప్పు యూనిట్ ప్రశ్నకు సమాధానం

సూపర్‌వైజర్‌ను నియమించి ఆరు నెలలైనా, పప్పును సైజుల వారీగా ఏరే గ్రేడింగ్ బల్లల దగ్గరి ఆడవాళ్లు ప్రతి చిన్న విషయానికీ యజమాని అయిన మీ దగ్గరికే వస్తున్నారని, ఏం చేయాలని అడిగారు. అది ఆ సూపర్‌వైజర్ చేతకానితనం కాదు. మీరు బాధ్యత అప్పగించారు గాని నిర్ణయాధికారం అప్పగించలేదు. ఈ రెండూ కలిసే ఉండాలనీ, పనివారికి ఆజ్ఞ ఒక్కరి నుంచే రావాలనీ ఫ్రెంచి నిర్వహణ నిపుణుడు హెన్రీ ఫేయోల్ 1916లోనే తన 14 నిర్వహణ సూత్రాలలో చెప్పారు.

1. ఆమె సొంతంగా తేల్చగల విషయాలను కాగితం మీద రాయండి: ఒక పూట సెలవు, బల్ల మార్పు, పప్పును మళ్లీ ఏరించడం.

2. దానిని అందరి ముందూ తెలుగులోనూ ఒడియాలోనూ, సవరలు పనిచేస్తుంటే వారి భాషలోనూ చదివించండి.

3. చాలామంది తప్పేది ఇక్కడే. మర్నాడే ఒకామె పళ్లెం పట్టుకొని వచ్చి, “బాబూ, ఇది 320లోకి వస్తుందా?” అని అడుగుతుంది. 320 గ్రేడు అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగాలని మీకు తెలుసు, జవాబు నాలుక చివరనే ఉంటుంది. అయినా చెప్పకుండా, “ఆవిడనే అడుగమ్మా” అని పంపండి. సూపర్‌వైజర్ నిర్ణయం పొరపాటనిపించినా దయచేసి అందరి ఎదుట తిప్పకండి, ఎందుకంటే ఒక్కసారి తిప్పితే ఆ కాగితానికి విలువ పోతుంది. సాయంత్రం విడిగా కూర్చొని మాట్లాడండి.

కూలి రేట్ల తగాదాలు మాత్రం ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి.