డాక్టరు ముందు నోరు పెగలడం లేదా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకావిడ రాశారు. సొంతూరు అనంతపురం వైపు, వయసు 29, బాబుకి 8 నెలలు, తల్లిపాలే. మామూలు కాన్పే కానీ కుట్లు పడ్డాయి. భర్తతో కలిసినప్పుడల్లా మంట, నొప్పి. ఏదో సాకు చెప్పి తప్పించుకుంటుంటే, తనంటే ఇష్టం పోయిందని ఆయన ముభావంగా ఉంటున్నాడట. గైనకాలజిస్ట్ దగ్గరికీ వెళ్లారు, కానీ పక్కన అత్తగారు ఉండేసరికి నడుం నొప్పి అని చెప్పి కాల్షియం మాత్రలు రాయించుకుని వచ్చేశారు.

మీకు ఇష్టం పోలేదండీ, ఒళ్లు ఇంకా కోలుకోలేదు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుంది, ఆ పొడిలో రాపిడికి మంట. కుట్లు మానిన చోట మచ్చ గట్టిపడి ఉండొచ్చు. ఒకటి రెండుసార్లు నొప్పి తగిలాక, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో అక్కడి కండరాలు మన ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. విరిగిన పాలలా తెల్లబట్ట, దురద ఉంటే ఫంగస్ కావచ్చు, చేపల వాసన వస్తే అది వేరే ఇన్ఫెక్షన్, మందూ వేరే. అందుకే మెడికల్ షాపులో ఏదో క్రీము అడిగి తెచ్చుకోవద్దు. యోని శుభ్రతకంటూ యాడ్లలో చూపించే వాష్‌లు కూడా అక్కర్లేదు, వాటితో ఉన్న మంట ఎక్కువవుతుంది.

ఈసారి అత్తగారిని బాబుతో బయటే కూర్చోబెట్టండి. "లోపల ఏడుస్తాడు, కాస్త చూడండత్తయ్యా" అంటే కాదనరు. కుర్చీలో కూర్చోగానే, నడుం నొప్పి ఊసెత్తకముందే, "డెలివరీ తర్వాత కలిసినప్పుడు నొప్పి వస్తోంది" అనేయండి. మిగతావి డాక్టరే అడుగుతారు: పైన నొప్పా లోపలా, మంటా పోటా, రక్తం కనబడిందా అని. అప్పటికీ మాట రాకపోతే ఫోన్లో టైప్ చేసి చూపించండి. బెంగళూరులో తెలుగు వచ్చిన లేడీ డాక్టర్లకు కొదవ లేదు, అపాయింట్‌మెంట్ అప్పుడే కనుక్కోండి. డబ్బు ఇబ్బందైతే కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణీవిలాస్ ప్రభుత్వాసుపత్రి ఉంది, కాకపోతే ఓపిగ్గా క్యూలో నిలబడాలి. పరీక్ష చేసేటప్పుడు నొప్పిగా ఉంటే ఆపమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పొడిదనమే అయితే రాపిడి తగ్గడానికి రాసుకునే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ చాలావరకు పనిచేస్తుంది. అవసరమైతే హార్మోన్ క్రీము డాక్టరే రాస్తారు, కండరాల బిగువుకు ఫిజియోథెరపీకి పంపుతారు. ఇవన్నీ వాళ్లు రోజూ చూసేవే.

ఆయన అలిగాడని పళ్ల బిగువున ఓర్చుకోవద్దు, ఆ ఓర్పు వల్లే కండరాలు మరింత బిగుస్తాయి. రాత్రి మంచం మీద కాకుండా, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చెప్పండి: నొప్పి తగ్గేదాకా ఆ ఒక్కటి వద్దు, దగ్గరగా ఉండటానికి అభ్యంతరం లేదు అని. తనంటే ఇష్టం పోయిందనే కదా ఆయన బాధ, అసలు విషయం తెలిస్తే చాలామంది మెత్తబడతారు. వినకుండా బలవంతపెడితే మాత్రం అది వేరే సమస్య, మళ్లీ రాయండి.

అన్నట్టు, పాలిస్తున్నాను కదా గర్భం రాదులే అనుకోకండి, 6 నెలలు దాటాక ఆ ధీమా పనికిరాదు. కండోమ్ వాడుతుంటే కొబ్బరి నూనె రాయొద్దు, రబ్బరు చిరిగిపోతుంది.