హ్యుమిడిఫైయర్ ఆన్‌లోనే ఉంది, ఇల్లు మాత్రం పొడిగానే ఉంది

మినియాపొలిస్ ఇంట్లో ఫర్నేస్‌కు (ఇల్లు వెచ్చబెట్టే యంత్రానికి) బిగించిన బైపాస్ హ్యుమిడిఫైయర్ (పక్క గొట్టంలో గాలిని మళ్లించి తేమ కలిపేది) ఆన్‌లో ఉన్నా తేమ 18 శాతం దాటట్లేదని, బాబుకు ముక్కులోంచి రక్తం వస్తోందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. ముందు ఆ పక్క గొట్టం మీదున్న డాంపర్, అంటే గాలిని ఆపే మూత, తెరిచి ఉందో లేదో చూడండి. వేసవిలో మూసేసి, చలికాలం తెరవడం చాలామంది మర్చిపోతారు.

అది తెరిచే ఉంటే, కరెంటూ నీళ్లూ ఆపి హ్యుమిడిఫైయర్ లోపల నీళ్లతో తడిసే ప్యాడ్ తీయండి. తెల్లగా సున్నం గట్టిపడి ఉంటే కడగొద్దు, కొత్తది వేయండి, ఏటా మార్చాల్సిందే. మళ్లీ ఆన్ చేశాక డ్రెయిన్ పైపులోంచి సన్నగా నీళ్లు రావాలి. రాకపోతే నీళ్లు వదిలే వాల్వ్ తెరుచుకోవట్లేదో, నీళ్లు వచ్చే సన్న రంధ్రం (నాజిల్) పూడుకుపోయిందో చూడాలి.

బయట మైనస్ 18 సెల్సియస్ ఉన్నప్పుడు మాత్రం ఇంట్లో తేమ 25 శాతం మించి పెట్టకండి, కిటికీలకు చెమట పట్టి చెక్క పాడవుతుంది. బాబుకు రక్తం తరచూ వస్తుంటే డాక్టరుకు చూపించండి.