టవర్ స్పీకర్ల కంటే ముందు పాత సెంటర్‌ను నాలుగంగుళాలు జరపండి

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. నా వయసు 38. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 92,000 వస్తుంది. మా ఆవిడ టీచరు, జీతం 24,000. ఇంటి లోను ఈఎంఐ 34,500, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 52,000, సిప్ 10,000. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఆఫీసు వాళ్లిచ్చే గ్రూప్ బీమా తప్ప వేరే బీమా లేదు. ఐదేళ్ల కిందట హాలుకు 5.1 సెట్ కొన్నాను, ఐదూ చిన్న స్పీకర్లే, లోతైన మోతకు ఒక సబ్‌వూఫర్. సినిమాలో మాటలు అర్థం కావడం లేదు. సౌండ్ పెంచితే ఫైట్లకు ఇల్లు అదిరిపోతోంది. ఈ మధ్య షోరూంలో టవర్ స్పీకర్లు విన్నాక మనసు ఆగడం లేదు. జత 1,10,000. వాటికి జోడీగా మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ 35,000, స్పీకర్లన్నిటినీ నడిపే కొత్త రిసీవర్ 65,000 అవుతుందట. నో కాస్ట్ ఈఎంఐ ఉంది. ఎఫ్‌డీ తీసేయనా, ఈఎంఐ పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. అలాగని టవర్లు కొనవద్దని కూడా చెప్పను. పాటలు, సినిమాలు ఇష్టమైన మనిషి మంచి స్పీకర్లు కొనుక్కోవడం దుబారా కాదు. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు మోగుతాయి. ఇక్కడ చిక్కు ఏమిటంటే, మీరు కొనాలనుకున్నది 1,10,000 వస్తువు, షోరూం నుంచి బయటికొచ్చేసరికి అది 2,10,000 అయింది.

మీ లెక్క చూద్దాం. ఖర్చులూ, సిప్ పోగా నెలకు 19,500 మిగులుతుంది. 2,10,000ను పన్నెండు వాయిదాలు చేస్తే నెలకు 17,500. ఇక చేతిలో మిగిలేది 2,000. అత్తగారి ఊరు వెళ్లొస్తే చాలు, అది కూడా అయిపోతుంది. పైగా నో కాస్ట్ అన్న మాటను నమ్మకండి. చాలా కార్డుల్లో బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. 16 శాతం వడ్డీ అనుకుంటే మీ వాయిదాల్లో వడ్డీ భాగం 17,000 పైచిలుకు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ జేబులోంచే పోతుంది, అది 3,000 దాటుతుంది. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు. నగదుకు దొరికే బేరం ఎలాగూ పోయినట్టే.

ఎఫ్‌డీ సంగతి ఇంకా సులువు. లోను, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 86,500 కావాలి. మీ ఉద్యోగం పోతే, మీ ఆవిడ జీతం పోను నెలకు 62,500 ఎఫ్‌డీలోంచే తీయాలి, ఆ 3 లక్షలు ఐదు నెలలకు కూడా రావు. అందులో 2,10,000 హాల్లో నిలబెట్టేస్తే నెలన్నర తిరక్కుండానే ఖాళీ.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. మీ ఫిర్యాదు మాటలు వినబడటం లేదని. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది టీవీ కింద ఉండే సెంటర్ స్పీకర్ నుంచి. టవర్లు కుడి ఎడమల స్పీకర్లు. లక్ష పెట్టి వాటిని మార్చినా ఆ ఇబ్బంది అలాగే ఉండిపోవచ్చు. మీ సెంటర్ టీవీ యూనిట్ అరలో లోపలికి ఉందా? చాలా ఇళ్లలో అలాగే ఉంటుంది, మా ఇంట్లోనూ ఉండేది. దాన్ని అర అంచు దాకా ముందుకు లాగి, కింద చిన్న చెక్క ముక్క పెట్టి మూతి మీ చెవి వైపు ఎత్తండి. రిసీవర్‌లో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. ఫైట్లకు ఇల్లు అదరకుండా రాత్రిళ్లు చూడటానికి చాలా రిసీవర్లలో ఒక మోడ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. నేల మీద టైల్సే ఉంటే సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీ అద్దానికి బరువైన కర్టెన్ వేయండి. షోరూం డెమో గది గోడలూ నేలా ఎలా ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అక్కడ విన్నదాంట్లో సగం ఆ గది గొప్పే.

రిసీవర్ మార్చాలన్న మాట నాకు మింగుడు పడలేదు. ఉదాహరణకు మీది 80 వాట్లు, వాళ్లు చూపించింది 110 వాట్లు అనుకుందాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుందంతే. 80 నుంచి 110కి వెళ్తే ఒకటిన్నర కూడా పెరగదు. దానికి 65,000! స్పీకర్ రిసీవర్ మీద ఎంత భారం వేస్తుందో ఓమ్స్‌లో రాస్తారు, అంకె తగ్గేకొద్దీ భారం ఎక్కువ. టవర్ల వెనక 8 ఓమ్స్ అని ఉంటే మామూలు హాలుకు మీ పాత రిసీవర్ సరిపోతుంది. 4 ఓమ్స్ అయితే మాత్రం రిసీవర్ పుస్తకంలో దాన్ని అనుమతించారో లేదో చూసుకోవాలి. ఇంకో సంగతి. మీ సబ్‌వూఫర్ ఉండనే ఉంది. 80 హెర్ట్జ్ కింది లోతైన మోతను రిసీవర్ దానికే పంపుతుంటే టవర్లలోని పెద్ద వూఫర్లకు సినిమాల్లో పని తక్కువ. కూర్చుని పాటలు వినే అలవాటుంటేనే ఆ డబ్బుకు న్యాయం.

అన్నీ సర్దినా మాటలు తేలకపోతే అప్పుడు కొనండి, కానీ వరస మార్చి. మిగిలే 19,500లో ముందు టర్మ్ బీమా. ఆఫీసు బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లో 34,500 లోను ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించండి. పొగతాగే అలవాటు లేకపోతే కోటి రూపాయల పాలసీకి నెలకు సుమారు 2,000 అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. తర్వాత నెలకు 12,000 స్పీకర్ల పేరున పక్కన పెట్టండి. మూడు నెలలకు 36,000, సెంటర్ వచ్చేస్తుంది. మీరు మనసు పడ్డ టవర్ల సిరీస్‌లోదే తీసుకోండి, లేకపోతే రేపు గొంతులు కలవవు. ఆ తర్వాత తొమ్మిది నెలల ఆర్‌డీ వేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,10,900 దగ్గరికి వస్తుంది. ఈఎంఐకి పన్నెండు నెలలు, దీనికీ పన్నెండు నెలలే. మిగతా 5,500 ఎఫ్‌డీ పక్కనే ఇంకో ఖాతాలో పోగవనివ్వండి.

నగదు చేతిలో పెట్టుకుని వెళ్తే బేరం కుదురుతుంది. కొత్త సిరీస్ వచ్చినప్పుడు పాత స్టాకు, డెమో పీసులు తక్కువకు ఇస్తారు. రిసీవర్లలా స్పీకర్లు పాతబడిపోవు కాబట్టి సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించవచ్చు, వూఫర్ చుట్టూ ఉండే మెత్తటి అంచు పెళుసుబారలేదని చూసుకుంటే చాలు.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఈఎంఐ మీద పెద్ద సబ్‌వూఫర్ కొన్నాను. మూడో రోజే కింద వాటా పెద్దాయన తలుపు తట్టారు. మిగతా వాయిదాలన్నీ మంచం కింద ఉన్న పెట్టెకు కట్టాను.

మీ ఆవిడ ఏమన్నారో మీరు రాయలేదు. మూడడుగుల పైన ఉండే రెండు స్తంభాలు ఆమె హాల్లోకే వస్తున్నాయి కదా, సెంటర్ కొనే ముందు ఒకసారి ఆమెను కూడా డెమోకు తీసుకెళ్లండి.