పాఠకుల బ్రిడ్జ్ ప్రశ్నలు: ఆసు ఎప్పుడు వెయ్యాలి?

ప్రశ్న: ఆట 3 నో ట్రంప్ (తురుపు లేకుండా 9 ట్రిక్కులు, అంటే పట్లు, గెలవాలి), ఆడేది నేను. డమ్మీలో (బల్ల మీద పరిచిన నా జోడీ చేతిలో) ఇస్పేటు రాజు 7 4, ఆఠీను 8 3, డైమను ఆసు జాకీ 10 9 4, కళావరు 7 6 2. నా చేతిలో ఇస్పేటు ఆసు రాణి 5, ఆఠీను ఆసు 7 4, డైమను రాణి 8 2, కళావరు ఆసు రాజు 5 3. పడమర ఆఠీను 5 వేశాడు, తూర్పు రాణి వేశాడు. ఆసుతో కొట్టి, డైమను రాణితో ఫినెస్‌కి (రాజు పడమర దగ్గరుంటే చిక్కుతుందన్న ఎత్తు) వెళ్లాను. రాజు తూర్పు దగ్గరుంది. ఆపైన నాలుగు ఆఠీన్లు పోయి ఒక ట్రిక్కు తగ్గింది. ఫినెస్ మానేయాల్సిందా?

జవాబు: ఫినెస్ సరైనదే. దెబ్బ మొదటి ట్రిక్కులోనే పడింది. డమ్మీ పరవగానే లెక్కపెట్టండి: ఇస్పేట్లు 3, ఆఠీను 1, డైమను 1, కళావర్లు 2, మొత్తం 7. మిగతా రెండూ డైమన్లలోనే రావాలి. రాజు పోయినా అక్కడ 4 వస్తాయి. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ రాజుతో గెలిచేసరికి తూర్పు చేతిలో ఆఠీను మిగలకూడదు.

అందుకే రెండుసార్లు వదిలేసి మూడోసారి ఆసు వెయ్యండి. ఎన్నిసార్లు వదలాలో తెలియకపోతే, మీ రెండు చేతుల్లోని ఆ రంగు ముక్కల్ని 7 లోంచి తీసేయండి. ఇక్కడ 5 ఉన్నాయి కాబట్టి 2. ఆఠీన్లు 5-3గా పంచుకుని ఉంటే మూడో రౌండుకి తూర్పు ఖాళీ. 4-4 అయితే తిరిగి ఆఠీను వేసినా మీకు పోయేవి మూడు ఆఠీన్లు, ఒక డైమను, ఆట నిలుస్తుంది. ఒక్కసారే వదిలితే తూర్పు దగ్గర ఇంకో ఆఠీను ఉండిపోయి మళ్లీ అదే కథ.

చిన్న ముక్కల మీద కన్నేయండి. ఆఠీను 4 మీ దగ్గర, 3 డమ్మీలో. 2 కనబడటం లేదు. రంగులో పైనుంచి నాలుగో ముక్కతో మొదలుపెట్టే అలవాటున్న పడమర రెండో రౌండులో 2 వేశాడంటే అతనికి ఐదున్నాయి. మూడో రౌండులో డమ్మీ నుంచి కళావరు పారేయండి. చాలామంది డైమను 4 పారేస్తారు, ఊరికే ఒక ట్రిక్కు దండగ.

ఫినెస్ పడమరకి పోయే అమరిక అయితే ఇదంతా పనికిరాదు. మిగిలిన ఆఠీన్లు అతని దగ్గరే కదా. అలాంటప్పుడు మీ చేతిలో ఆఠీను ఆసు జాకీ 4 ఉంటే, రాణిని వెంటనే కొట్టండి. ఆ తర్వాత పడమర ఏ ఆఠీను వేసినా మీ జాకీకి ఒక ట్రిక్కు వస్తుంది.

ప్రశ్న: ట్రంపు ఆటలోనూ గెలిచేవే లెక్కపెట్టాలా?

జవాబు: పోయేవి లెక్కపెట్టడం సులువు, ట్రంపులు ఎక్కువున్న చేతి వైపు నుంచి. డమ్మీ ట్రంపుతో కొట్టాల్సిన ముక్క ఉంటే ఆ పని అయ్యాకే ట్రంపులు లాగండి.