పొదుపంతా హీట్ పంపుల వ్యాపారంలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఐదేళ్లుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాను. మా ఆవిడ ఉద్యోగం చేయడం లేదు. మూడేళ్ల పాప ఉంది. 45,000 యూరోలు దాచుకున్నాం. ఇక్కడి స్నేహితుడొకరు ఇళ్లను కరెంటుతో వెచ్చబెట్టే హీట్ పంపులు బిగించే కంపెనీ పెడుతున్నాడు. 40,000 పెట్టి భాగస్వామిగా చేరమంటున్నాడు. చేరమంటారా?

జవాబు: 40,000 మాత్రం పెట్టకండి. ఒక్క జీతం మీద నడుస్తున్న ఇల్లు మీది. రేపు ఉద్యోగం పోతే, బ్లూ కార్డ్ మీద ఉన్నవాళ్లకు ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది కొద్ది నెలలే. ఆ నెలల్లో అద్దె కట్టేది ఈ పొదుపే.

హీట్ పంపులకు గిరాకీ ఉంది, నిజమే. కానీ అది నిలకడగా లేదు. 2022లో రష్యా గ్యాస్ ఆగిపోవడంతో జర్మనీ జనం హీట్ పంపుల వెంట పడ్డారు. 2023లో అక్కడ 3,56,000 అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది అమ్మకాలు 1,93,000కు పడిపోయాయి. గ్యాస్ ధర దిగింది, కొత్తగా పెట్టే హీటింగ్ చాలావరకు పునరుత్పాదక ఇంధనంతో నడవాలన్న కొత్త చట్టం మీద పార్టీలు కొట్టుకున్నాయి, ఏం చేయాలో తెలియక జనం ఆగిపోయారు. 2025 మొదటి ఆరు నెలల్లో మళ్లీ పుంజుకుని గ్యాస్ బాయిలర్లనే దాటేశాయి. అదే ఏడాది వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం మాత్రం ఆ చట్టాన్ని తీసేస్తామని తన ఒప్పందంలోనే రాసుకుంది. ఇలా ఊగే మార్కెట్‌లో చిన్న కంపెనీ ఒక చెడ్డ ఏడాదిని తట్టుకోగలదా అన్నది ముందు చూడాలి.

మెషీన్ల తయారీ పెద్దవాళ్ల ఆట. 1917లో మొదలైన జర్మన్ కంపెనీ ఫీస్‌మన్‌ను నడిపే కుటుంబమే తన హీటింగ్ వ్యాపారాన్ని 1,200 కోట్ల యూరోలకు అమెరికా ఏసీ కంపెనీ క్యారియర్‌కు అమ్మేసింది. చిన్నవాళ్లకు మిగిలేది బిగింపు పని. నా ఉద్దేశంలో అసలు అవకాశం కూడా అక్కడే ఉంది. ఒక ఇంటి లెక్క చూడండి. ఏడాదికి 20,000 యూనిట్ల వేడి కావాలి. గ్యాస్ యూనిట్ 11 సెంట్లు అనుకుంటే 2,200 యూరోలు. హీట్ పంప్ మన ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తే, కరెంటు 30 సెంట్ల చొప్పున బిల్లు 2,000. నాలుగిస్తే 1,500. మూడా, నాలుగా అన్నది మెషీన్ ఒక్కటే తేల్చదు. రేడియేటర్ల సైజు, నీటి వేడి, పైపుల్లో ప్రవాహం సరిచేసిన మనిషి చేతిలో చాలా ఉంటుంది.

ఆ మనిషి ఎవరు? జర్మనీలో హీటింగ్ బిగించే కంపెనీలో మైస్టర్ (ఆ పనిలో పైస్థాయి పరీక్ష పాసైన నిపుణుడు) లేదా దానికి సమానమైన అర్హత ఉన్నవాళ్లు ఉండి తీరాలి. మీ స్నేహితుడు మైస్టరా? కాకపోతే ఎవరిని పెట్టుకుంటున్నాడు, ఆ మైస్టర్ రేపు మానేస్తే పని ఏమవుతుంది? మీ ఉత్తరంలో దీని ప్రస్తావనే లేదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే.

రెండోది, డబ్బు తిరిగే తీరు. 2024 నుంచి ఉన్న పద్ధతిలో సొంతింట్లో ఉండేవాళ్లకు సబ్సిడీ గరిష్ఠంగా 21,000 యూరోల దాకా వస్తుంది, కానీ పని పూర్తయి బిల్లులు పెట్టాకే. ఆ డబ్బు వచ్చాకే కస్టమర్ మిగతాది కడతానంటే, మెషీన్ ఖరీదూ పనివాళ్ల జీతాలూ అప్పటిదాకా కంపెనీయే భరించాలి. పది ఇళ్ల పని ఒకేసారి వచ్చినా చేతిలో డబ్బాడదు.

కంపెనీ జీఎంబీహెచ్‌గా, అంటే వాటాదారుల బాధ్యత పెట్టిన డబ్బు వరకే ఉండే కంపెనీగా, ఉంటేనే ఆలోచించండి. జీబీఆర్ (మామూలు భాగస్వామ్య సంస్థ) అయితే దాని అప్పులకు మీ సొంత ఆస్తి కూడా బాధ్యత. వాటా పెట్టడం వేరు, అక్కడ పని చేయడం వేరు. మేనేజర్‌గా మీ పేరు రాసే ముందు విదేశీయుల ఆఫీసులో అడిగి తీరాలి.

నేనైతే ఇలా చేయమంటాను. 25,000 ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలో వేయండి. 10,000 పాప పేరు మీద ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వెళ్లనివ్వండి. మిగిలిన 10,000, పోయినా ఇల్లు కదలదు అనుకుంటే, వాటాగా పెట్టండి. అంతకుముందు మైస్టర్ సర్టిఫికెట్, కనీసం ఐదు ఇళ్ల సంతకం చేసిన కాంట్రాక్టులు చూపించమని అడగండి. చూపిస్తే, వాటాదారుల ఒప్పందం మీద సంతకం పెట్టకముందే కాపీ నాకు పంపండి, లైను లైనుగా చదివి చెబుతాను.