బ్యాటరీ మార్చేముందు ఒక్క సాయంత్రం కేటాయించు నాన్నా

నాన్నా,

నిన్న ఫోన్‌లో "బాబాయ్, లాప్‌టాప్ బ్యాటరీ 68 శాతం హెల్త్ చూపిస్తోంది, ఇంకో ఏడాది లాగుతుందిలే" అన్నావు చూడు, ఆ మాట నా బుర్రలోంచి పోవట్లేదు. వచ్చే నెల ప్రాజెక్ట్ వైవా పెట్టుకుని ఆ అంకెను నమ్ముకుని కూర్చోకు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇన్నేళ్లు లాప్‌టాప్‌లు విప్పినవాణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నువ్వు పంపిన బ్యాటరీ రిపోర్ట్‌లో డిజైన్ కెపాసిటీ 41,040 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 27,900 అని ఉంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే నీ 68 శాతం వచ్చింది. మొదటిది కంపెనీ రాసిపెట్టిన అంకె, మారదు. రెండోది బ్యాటరీ ప్యాక్ లోపల ఉన్న చిన్న చిప్ వేసుకున్న అంచనా. లోపలికి ఎంత కరెంటు పోయింది, బయటికి ఎంత వచ్చింది అని అది లెక్క రాసుకుంటూ ఉంటుంది. నువ్వేమో హాస్టల్లో రాత్రీ పగలూ ఛార్జర్ పెట్టే వాడతావు, బ్యాటరీ పూర్తిగా దిగడం, మళ్లీ నిండడం జరగదు కాబట్టి ఆ చిప్‌కి లెక్క సరిచూసుకునే అవకాశమే రాదు, నెలల తరబడి పాత అంకెనే మోస్తూ ఉంటుంది. అది అసలుకంటే ఎక్కువైనా ఉండొచ్చు, తక్కువైనా ఉండొచ్చు.

అందుకని ఒక సాయంత్రం దీనికి పెట్టు. వందకి ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేయ్. బ్రైట్‌నెస్ సగంలో ఉంచు, స్క్రీన్ దానంతటది ఆరిపోకుండా సెట్టింగ్ మార్చు, తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకో. ఒక పెద్ద వీడియో పెట్టేసి, పది నిమిషాలకోసారి టైమూ శాతమూ కాగితం మీద రాసుకో. మధ్యలో ఒకటి రెండు సార్లు నీ ప్రాజెక్ట్ కూడా రన్ చెయ్, ఎందుకంటే బరువు పడితేనే దాని సంగతి బయటపడుతుంది. శాతం ఒకే తీరుగా దిగుతూ వస్తే బ్యాటరీ పాతదైనా నిజాయితీగా ఉన్నట్టే. 60 నుంచి ఒక్కసారిగా 38కి దూకిందా, 30 ఉండగానే ఆరిపోయిందా, ఇక దాని పని అయిపోయినట్టే.

పోయినేడు ఒక టీచరమ్మ అచ్చం నీలాంటి ప్యాకే తెచ్చారు, అంకె కూడా దాదాపు ఇదే. నా బల్ల మీద రెండు గంటల పది నిమిషాలు నడిచి, 31 శాతం దగ్గర ఆరిపోయింది. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 29 చూపించింది. అంటే ఛార్జ్ లోపల ఉంది, కానీ బయటికి రాలేదు. వయసైన సెల్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకి లోపల తగిలే అడ్డు, పెరుగుతుంది, పెద్ద పని పడగానే వోల్టేజ్ ఠక్కున పడిపోతుంది. ఇలాంటి ప్యాకుల్లో సాధారణంగా మూడు సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కటి చతికిలబడితే మిగతా రెండూ బాగున్నా లాభం లేదు. ఆవిడకి నిజంగా దక్కింది కొత్తదాంట్లో సగం కంటే తక్కువే.

సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు దిగి నిండిందన్న లెక్క, దాని గురించి పెద్దగా ఆలోచించకు, చాలా మెషిన్ల రిపోర్ట్‌లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఎండాకాలం గదిలో ఎప్పుడూ వందలోనే ఉంచి వాడిన బ్యాటరీ, తక్కువ సైకిల్స్‌కే ముసలిదైపోతుంది.

ఇవన్నీ చేసేముందు ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్. లాప్‌టాప్ మూసి, చదునైన బల్ల మీద పెట్టి చూడు. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, నొక్కితే క్లిక్ అవట్లేదా? అయితే ప్యాక్ ఉబ్బింది. అప్పుడు ఏ టెస్టూ వద్దు, ఛార్జింగ్ పెట్టకు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయడం లాంటి సాహసాలు అసలే వద్దు, మంట లేస్తుంది. ఆఫ్ చేసి నేరుగా సర్వీస్‌కి పట్టుకెళ్లు.

కొత్తది కొనాల్సి వస్తే ప్యాక్ మీద తయారైన తేదీ చూడు, వాడకపోయినా సెల్స్ డబ్బాలోనే పాతబడతాయి. డూప్లికేట్ ప్యాకులు రిపోర్ట్‌లో వందకి వంద చూపించడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి వాపసు గడువు దాటకముందే దానికీ ఇదే టెస్ట్ పెట్టు. ఆదివారం ఆ కాగితం ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ బాబాయ్